నడివయసు సంక్షోభం నుంచి పదవీ విరమణ దాకా: వయోజన వికాస సిద్ధాంతాలు దేన్ని కొలిచాయి?

బీఈడీ, ఎంఏ సైకాలజీ నోట్సుల్లో వయోజన వికాసం పాఠం తెరిస్తే ముందుగా ఒక పట్టిక కనిపిస్తుంది. ఒక పక్క ఎరిక్ ఎరిక్సన్, డేనియల్ లెవిన్సన్, రాబర్ట్ హావిగర్స్ట్ లాంటి పేర్లు, ఇంకో పక్క వయసులు, దశలు. పరీక్ష రాయడానికి ఆ పట్టిక చాలు. మనిషి ఇరవై నుంచి ఎనభై దాకా ఎలా మారతాడో అర్థం చేసుకోవడానికి మాత్రం చాలదు సరికదా, దారి తప్పిస్తుంది. పక్కపక్క గడుల్లో పెట్టేసరికి వీళ్లంతా ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పినట్టు అనిపిస్తుంది. నిజానికి వాళ్లు వేసుకున్న ప్రశ్నలే వేరు, మాట్లాడిన మనుషులు వేరు, మాట్లాడించిన తీరు వేరు. ఏ సిద్ధాంతమైనా ఎవరిని అడిగింది, ఎన్నిసార్లు అడిగింది, మార్పుకు కారణం ఏదంటోంది అన్నవి చూడకుండా పోల్చి ప్రయోజనం లేదు.

ఎరిక్సన్ చెప్పింది, పుస్తకాలు చెప్పించింది

ఎరిక్సన్ ఎనిమిది దశల నమూనా 1950లో వచ్చింది. అందులో మూడు దశలు పెద్దవాళ్లవి. మొదటిది సాన్నిహిత్యానికీ ఒంటరితనానికీ మధ్య పెనుగులాట. రెండోది ఉత్పాదకతకూ స్తబ్దతకూ మధ్య. చివరిది జీవితాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకునే సమగ్రతకూ నిరాశకూ మధ్య. ఇక్కడ ఉత్పాదకత అంటే తర్వాతి తరం కోసం పాటుపడటం. పిల్లల్ని కనడం ఒక్కటే కాదు, శిష్యులకు పని నేర్పడం, ఒక సంస్థను నిలబెట్టడం, ఊరి చెరువు బాగు చేయించడం కూడా దాని కిందికే వస్తాయి.

ఈ నమూనా విషయంలో రెండు పొరపాట్లు పదే పదే జరుగుతాయి. మొదటిది, దశలకు గట్టి వయసు హద్దులు పెట్టడం. ఉత్పాదకత అనగానే 40 నుంచి 65 అని రాసేస్తారు. వయోజన దశలకు ఎరిక్సన్ అలాంటి కచ్చితమైన అంకెలు పట్టుకుని కూర్చోలేదు, అవి పాఠ్యపుస్తకాల సౌకర్యం కోసం వచ్చి చేరాయి. రెండోది, ప్రతి దశనూ పరీక్ష పాసైనట్టు పాసై ముందుకు పోతామనుకోవడం. ఎరిక్సన్ లెక్కలో రెండు వైపులూ మనిషిలో ఉంటాయి, వాటి మధ్య పాళ్లు ఎటు మొగ్గాయన్నదే ముఖ్యం. స్తబ్దత ఎన్నడూ ఎరగనివాడు ఆరోగ్యవంతుడు కాడు, తనను తాను చూసుకోనివాడు మాత్రమే. పైగా ఒక దశలో తేలని విషయం తర్వాత మళ్లీ తలెత్తుతుంది. ఎరిక్సన్ భార్య, సహ పరిశోధకురాలు జోన్ 1997లో తొమ్మిదో దశను చేర్చినప్పుడు చెప్పిందీ అదే: ఎనభైలూ తొంభైలూ దాటాక పాత పెనుగులాటలన్నీ మరోసారి ముందుకొస్తాయి, ఈసారి ప్రతికూలమైన వైపు బలంగా.

ఎరిక్సన్ ఆధారాలు చాలావరకు వైద్య అనుభవం, జీవిత చరిత్రలు. 1962లో మానవ జీవిత చక్రంపై సదస్సు కోసం అహ్మదాబాద్ వచ్చినప్పుడు, 1918లో అక్కడ జరిగిన మిల్లు కార్మికుల సమ్మె ఆయన దృష్టిని పట్టేసింది. ఆ సమ్మెను నడిపిన గాంధీకి అప్పటికి 48 ఏళ్లు. నడివయసు మనిషి తన సొంత ఇంటిని దాటి ఎవరి బాధ్యత తలకెత్తుకుంటాడన్న ప్రశ్నను ఎరిక్సన్ ఆ ఒక్క జీవితంలో లోతుగా చూశాడు. దాని మీద ఆయన రాసిన ‘గాంధీస్ ట్రూత్’ 1969లో వచ్చింది, దానికి పులిట్జర్ బహుమతి దక్కింది. ఒక మనిషిని అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతికి సాటి లేదు. అందరికీ వర్తించే సూత్రాన్ని నిరూపించడానికి మాత్రం ఇది పనికిరాదు. అందుకే తర్వాతివాళ్లు కొలమానాలు తయారు చేయాల్సి వచ్చింది. డాన్ మెకాడమ్స్, ఎడ్ డి సెయింట్ ఆబిన్ 1992లో రూపొందించిన లయోలా ఉత్పాదకత స్కేలులో 20 వాక్యాలుంటాయి. అనుభవంతో నేర్చుకున్నది ఇతరులకు అందించే ప్రయత్నం చేస్తున్నారా అన్నలాంటి ప్రతి వాక్యానికీ సున్నా నుంచి మూడు దాకా మార్కు వేసుకోవాలి. ఎరిక్సన్ ఊహను ఇలా అంకెల్లోకి దించాకే దాన్ని పరీక్షించడం వీలైంది.

జార్జ్ వాయెంట్ ఆ ఊహను ఇంకో దారిలో పరీక్షించాడు. హార్వర్డ్‌లో 1938లో మొదలైన అధ్యయనంలోని 268 మంది మగ విద్యార్థుల జీవితాలను ముసలితనం దాకా వెంబడించాడు. బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది కుర్రాళ్లను వెంబడించిన మరో అధ్యయనాన్నీ దానికి జతచేశాడు. ఎరిక్సన్ దశల మధ్య వృత్తిలో స్థిరపడటం, సంస్కృతిని కాపాడే పెద్దరికం అని రెండింటిని ఇరికించాడు. ఆయన అసలు కానుక వేరే ఉంది. కష్టం వచ్చినప్పుడు మనసు వాడే రక్షణ ఎత్తుగడలను ఆయన నాలుగు అంచెలుగా విడగొట్టాడు. అన్నిటికన్నా పరిణతి చెందిన అంచెలో హాస్యం, పరోపకారం, ముందుచూపు, ఆవేశాన్ని తాత్కాలికంగా పక్కన పెట్టడం, దాన్ని మంచి పనిలోకి మళ్లించడం ఉంటాయి. ఇక్కడ వికాసమంటే ఏ వయసులో ఏం జరిగిందన్నది కాదు, జరిగినదాన్ని మనిషి ఎలా తట్టుకున్నాడన్నది.

నలభై మంది మగవాళ్లు

నడివయసు సంక్షోభం అనే మాట ఈరోజు సినిమా కబుర్లలో కూడా వినిపిస్తుంది. ఆ మాటను మొదట వాడింది ఎలియట్ జాక్స్, 1965లో. దానికి శాస్త్రం ముద్ర వేసింది మాత్రం 1978లో అచ్చయిన లెవిన్సన్ పరిశోధన. అందుకే దాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

లెవిన్సన్ బృందం ఎంచుకున్నది 40 మంది అమెరికన్ మగవాళ్లను. వాళ్లలో పదిమంది కార్మికులు, పదిమంది కంపెనీ అధికారులు, పదిమంది జీవశాస్త్ర ఆచార్యులు, పదిమంది నవలా రచయితలు. మొదటిసారి మాట్లాడినప్పటికి అందరి వయసూ 35కీ 45కీ మధ్య. ఒక్కొక్కరితో పలు దఫాలుగా గంటల తరబడి మాట్లాడి జీవిత కథ రాబట్టారు. వాటి నుంచి ఒక క్రమం తేలిందన్నారు: 17–22 మధ్య తొలి సంధి (ఒక దశ నుంచి ఇంకో దశకు దాటే కాలం), 28–33లో ముప్పయ్యోపడి సంధి, 33–40లో స్థిరపడటం, 40–45లో నడివయసు సంధి, ఆపైన యాభైల్లో, అరవైల్లో మరికొన్ని. ఎవరికైనా రెండు మూడేళ్ల తేడాతో ఇవే వయసులన్నారు. నడివయసు సంధిలో సుమారు 80 శాతం మంది తీవ్రమైన అలజడికి లోనయ్యారని చెప్పారు.

ఇప్పుడు లెక్క సరిచూద్దాం. 43 ఏళ్ల మనిషి తన ఇరవై ఏళ్ల నాటి సంగతి చెబుతుంటే అది జ్ఞాపకం, పరిశీలన కాదు. నేటి అలజడిలో ఉన్నవాడు వెనక్కి చూస్తే పాత సంఘటనలు కూడా ఈ అలజడికి దారితీసిన మెట్లలాగే కనిపిస్తాయి. ఇక యాభై, అరవై ఏళ్ల దశలకైతే ఆ నలభై మందిలో ఆధారమే లేదు, ఎవరూ ఇంకా ఆ వయసుకు రాలేదు. అవి ఉన్న క్రమాన్ని ముందుకు సాగదీసి గీసినవి. అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి. వీళ్లందరూ 1920ల నుంచి 1930ల మధ్య దాకా పుట్టినవాళ్లు. ఆర్థిక మాంద్యంలో బాల్యం, యుద్ధానంతర సంపదలో ఉద్యోగం, నలభైల్లోకి వచ్చేసరికి దేశమంతా విడాకులు, తరాల మధ్య తగువులు. వాళ్లకు నలభైలో కలిగిన అలజడి నలభై తెచ్చిందా, 1970 తెచ్చిందా? ఒకే తరాన్ని ఒకేసారి అడిగినప్పుడు ఈ రెంటినీ విడదీసే దారి లేదు.

తర్వాతి సర్వేలు ఆ 80 శాతాన్ని నిలబెట్టలేదు. అమెరికాలో 1990ల మధ్యలో మొదలైన మిడస్ అనే పెద్ద నడివయసు అధ్యయనంలో భాగంగా ఎలేన్ వెదింగ్టన్ అడిగితే, తమకు నడివయసు సంక్షోభం వచ్చిందన్నవాళ్లు సుమారు 26 శాతమే. వాళ్లు చెప్పిన కారణాలు కూడా చాలావరకు ఉద్యోగం పోవడం, విడాకులు, అయినవాళ్ల మరణం లాంటివి. అవి ఏ వయసులో వచ్చినా మనిషిని కుదిపేవే. ఆడవాళ్ల విషయంలో లెవిన్సన్ తర్వాత 45 మందితో వేరే అధ్యయనం చేశాడు. అది ఆయన మరణించాక 1996లో వెలువడింది. అందులో దశల వయసులు దాదాపు అవేనన్నాడు గానీ, ఇల్లు ఒక దిక్కు, వృత్తి మరో దిక్కు లాగడం వల్ల ఆడవాళ్ల భవిష్యత్ కల రెండుగా చీలి ఉంటుందని గుర్తించాడు. ఈ గుర్తింపు ఆ వయసుల పట్టికకన్నా విలువైనది.

లెవిన్సన్‌ను పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు. పని, కుటుంబం, స్నేహాలు కలిసి ఒక జీవిత నిర్మాణంగా నిలబడతాయనీ, అది కొన్నేళ్లకు సరిపోకుండా పోతుందనీ, కూల్చి కట్టుకోవడానికి నాలుగైదేళ్లు పడుతుందనీ ఆయన చెప్పింది కౌన్సెలింగ్‌లో ఇప్పటికీ అక్కరకొస్తుంది. వయసు అంకెను తీసేసి వాడితే చాలు.

కోదాడలో ఒకరు, జగ్గయ్యపేటలో ఒకరు

మార్పును నడిపేది వయసు కాకపోతే మరేది? బెర్నిస్ న్యూగార్టెన్ 1960ల్లోనే ఇచ్చిన జవాబు సామాజిక గడియారం. ఏ వయసుకు ఏది జరగాలో సమాజం ఒక లెక్క పెట్టుకుంటుంది, మనిషి ఆ లెక్కతో తనను తాను కొలుచుకుంటాడు. 1965లో ఆమె బృందం అమెరికన్ మధ్యతరగతిని అడిగితే, మగవాడి పెళ్లికి 20–25 సరైన వయసని మగవాళ్లలో 80 శాతం, ఆడవాళ్లలో 90 శాతం చెప్పారు. రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ అడిగేసరికి ఆ ఏకాభిప్రాయం దాదాపు సగానికి పడిపోయింది. అంటే గడియారం పోలేదు, ముళ్లు జరిగాయి. సంఘటన దానంతట అది మనిషిని కుంగదీయడం తక్కువ, వేళ తప్పి వచ్చిన సంఘటనే ఎక్కువ దెబ్బ తీస్తుందన్నది ఆమె వాదన. డెబ్భై ఏళ్లకు భర్త పోవడానికీ, ముప్పై అయిదుకు పోవడానికీ తేడా దుఃఖంలోనే లేదు. రెండోదానికి ఎవరూ ముందుగా మనసులో సిద్ధపడరు, తోడుగా అదే స్థితిలో ఉన్న ఈడువాళ్లూ ఉండరు.

తెలుగు ఇళ్లలో ఈ గడియారం చప్పుడు వినిపించని రోజుండదు. పెళ్లీడు దాటిపోతోందన్న బెంగ, ఆడపిల్ల పెళ్లి చేసి బాధ్యత తీర్చుకున్నామన్న నిట్టూర్పు, అరవై నిండగానే షష్టిపూర్తి ఏర్పాట్లు, అన్నీ ఆ లెక్కలోవే. ప్రభుత్వం దాన్ని నేరుగా తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది, 55 దాటినవాళ్లంతా ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తర్వాత అది మళ్లీ 58 అయింది. రాష్ట్ర విభజన ఏడాది 2014లో ఆంధ్రప్రదేశ్ 60కి పెంచింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 58 నుంచి 61కి మార్చింది.

ఇప్పుడు 61 నిండిన ఇద్దరు టీచర్లను ఊహించుకోండి. ఒకరిది కోదాడ, ఇంకొకరిది జగ్గయ్యపేట. మధ్యలో రాష్ట్ర సరిహద్దు. ఒకే ఏడాది డీఎస్సీలో ఎంపికయ్యారు, ఒకే సబ్జెక్టు, ఆరోగ్యమూ ఒకేలా ఉంది. కోదాడ మాస్టారికి వీడ్కోలు సభ అయిపోయింది. జగ్గయ్యపేట మాస్టారికి ఇంకో ఏడాది సర్వీసుంది. లెవిన్సన్ పట్టిక ప్రకారం ఇద్దరూ 60–65 సంధిలోనే ఉన్నారు కాబట్టి లోపలి కదలిక ఒకేలా ఉండాలి. న్యూగార్టెన్ లెక్కలో ముందు అడగాల్సింది వేరు. కోదాడ మాస్టారు 58కే దిగిపోతాననుకుని కూతురి పెళ్లి, ఇంటి అప్పు ఆ లెక్కనే సర్దుకుని ఉంటే ఆ అదనపు మూడేళ్లు వరమే. 1983లో 56 ఏళ్లకు ఇంటికి వెళ్లిన ఉద్యోగి పరిస్థితి అందుకు పూర్తిగా వ్యతిరేకం, చదువుల్లో ఉన్న పిల్లలు, తీరని అప్పు, చేతిలో లేని రెండేళ్ల జీతం. వయసులో ఏమంత తేడా లేదు, వేళలోనే ఉంది. ఎరిక్సన్ అయితే ఉద్యోగం ఊసే ఎత్తకుండా ఒకటే అడుగుతాడు: బడి మానేశాక నేర్పడానికి ఎవరైనా మిగిలారా? ఒక మనిషికి సాయం చేయాలనుకున్న కౌన్సెలర్‌కు ఎరిక్సన్ ప్రశ్న పనికొస్తుంది. విరమణ వయసు విధానం రాసే అధికారికి న్యూగార్టెన్ ప్రశ్న ఎక్కువ పనికొస్తుంది.

మిగిలిన కాలం, మిగిలిన శక్తి

1980ల నుంచి పరిశోధన దశలను వదిలి ప్రక్రియల వైపు మళ్లింది. లారా కార్‌స్టెన్సన్ సిద్ధాంతం ప్రకారం మనిషి లక్ష్యాలను మార్చేది గడిచిన వయసు కాదు, ఎంత కాలం మిగిలి ఉందని అతను అనుకుంటున్నాడన్నది. కాలం చాలా ఉందనుకుంటే కొత్త పరిచయాలు, కొత్త సమాచారం కోరుకుంటాం. తక్కువ ఉందనుకుంటే అయినవాళ్ల దగ్గరికి చేరతాం. ఆమె దీన్ని పరీక్షించిన తీరు చాలా తేలిక, చాలా గట్టిది కూడా. అరగంట ఖాళీ దొరికింది, ముగ్గురిలో ఎవరితో గడుపుతారు: దగ్గరి బంధువు, ఇటీవలే పరిచయమై బోలెడు విషయాలు కలిసేలా ఉన్న వ్యక్తి, మీరు చదివిన పుస్తకం రాసిన రచయిత? పెద్దవాళ్లలో ఎక్కువమంది బంధువును ఎంచుకున్నారు, కుర్రవాళ్ల ఎంపిక ముగ్గురి మధ్యా చెదిరింది. తర్వాత షరతు మార్చారు. త్వరలో ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్లిపోతున్నారని ఊహించుకోమంటే కుర్రవాళ్లు కూడా బంధువు వైపే మొగ్గారు. కొత్త వైద్యంతో ఆయుష్షు ఇరవై ఏళ్లు పెరిగిందని ఊహించుకోమంటే పెద్దవాళ్లలో ఆ మొగ్గు కనిపించలేదు. హాంకాంగ్ 1997లో చైనా చేతికి వెళ్లే ముందు చేసిన సర్వేల్లోనూ ఇదే తేలింది. ఏడాది ముందు పెద్దవాళ్లదే ఆ మొగ్గు, రెండు నెలల ముందు అందరిదీ, అప్పగింత అయి ఏడాది గడిచాక మళ్లీ పెద్దవాళ్లదే.

సిద్ధాంతం తప్పని తేలే అవకాశం ఎక్కడుందో చెప్పగలగడమే దాని బలం. వయసు మారకుండా షరతు మారితే ఫలితం మారాలని కార్‌స్టెన్సన్ ముందే పందెం కాసింది. లెవిన్సన్ సిద్ధాంతానికి అలాంటి పరీక్ష పెట్టడం కుదరదు, అలజడి కనిపిస్తే సంధి అంటారు, కనిపించకపోతే లోలోపల ఉందంటారు. శంషాబాద్ విమానాశ్రయానికి బయల్దేరే ముందు వారం, అమెరికాలో చదవబోయే 22 ఏళ్ల కుర్రాడు కొత్త స్నేహాలు మానేసి అమ్మమ్మ ఊరు వెళ్లి వస్తాడంటే అది దశ కాదు, దగ్గర పడిన గడువు.

జర్మన్ పరిశోధకుడు పాల్ బాల్టిస్ చూపు శక్తి సామర్థ్యాల మీద. ప్రతి వయసులోనూ లాభం, నష్టం రెండూ ఉంటాయి, వయసు పెరిగేకొద్దీ నష్టం పాలు పెరుగుతుంది, దాన్ని మూడు పనులతో సంబాళించుకుంటామని ఆయన, భార్య మార్గ్రెట్ 1990లో చెప్పారు. దీనికి బాల్టిస్ చూపే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టీన్. ఎనభై ఏళ్ల వయసులో ఆయన వాయించే కృతుల సంఖ్య తగ్గించాడు, ఇది ఎంపిక. ఉన్నవాటినే ఎక్కువసార్లు సాధన చేశాడు, ఇది మెరుగు. వేగంగా సాగాల్సిన భాగం వచ్చే ముందు కావాలని కాస్త నెమ్మదించేవాడు, వెంటనే వచ్చే వేగం అసలుకన్నా ఎక్కువగా వినిపించేది, ఇది లోటు పూడ్చుకోవడం. ఎవరికైనా అన్వయించి చూడవచ్చు. ఇందులో సాధారణంగా జరిగే తప్పు, మొదటి పని ఒక్కటే చేసి ఆగిపోవడం. చూపు తగ్గిందని చదవడం మానేయడం ఎంపిక అనిపించుకోదు. వదిలినదాని వల్ల మిగిలిన సమయం, శక్తి ఉంచుకున్నదాని మీద పెట్టినప్పుడే ఈ పద్ధతి పనిచేస్తుంది.

స్వభావం ముప్పై దాటితే రాయిలా గట్టిపడుతుందన్న పాత నమ్మకానికీ ఇప్పుడు ఆధారం తక్కువ. బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2006లో ఏళ్ల తరబడి వెంబడించిన 92 జన సమూహాల ఫలితాలను కలిపి చూస్తే, బాధ్యతగా నడుచుకోవడం, భావోద్వేగాల్లో నిలకడ ముఖ్యంగా 20–40 మధ్య పెరుగుతున్నట్టు తేలింది.

తరాల తేడాను వయసు తేడా అనుకోవడం

ఈ రంగంలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఏదో వార్నర్ షాయ్ సియాటిల్‌లో 1956లో మొదలుపెట్టిన అధ్యయనం చూపించింది. మాటల అర్థం పట్టడం, తర్కం, అంకెలు, ఆకారాలను మనసులో తిప్పి చూడడం లాంటి సామర్థ్యాలను ఇరవైల నుంచి అరవైల దాకా ఉన్నవాళ్లలో ఒకేసారి కొలిస్తే, తెలివి ముప్పైల నుంచే తగ్గిపోతున్నట్టు గీత కిందికి వచ్చింది. అదే మనుషులను ఏడేళ్లకోసారి మళ్లీ కొలిస్తే గీత వేరు. చాలా సామర్థ్యాలు నడివయసు దాకా పెరుగుతూనో నిలకడగానో ఉన్నాయి, సగటున చెప్పుకోదగ్గ తరుగుదల అరవై తర్వాతే. మొదటి గీతలో కనిపించింది ముసలితనం కాదు, తక్కువ బడి చదువుతో పెరిగిన పాత తరం.

రెండో పద్ధతికీ లోపం ఉంది. ఆరోగ్యం బాగాలేనివాళ్లు, వెనకబడినవాళ్లు మధ్యలో రావడం మానేస్తారు, మిగిలినవాళ్ల సగటు అసలుకన్నా బాగా కనిపిస్తుంది. అందుకే షాయ్ ప్రతి ఏడేళ్లకూ పాతవాళ్లతో పాటు కొత్తవాళ్ల బృందాన్ని కూడా తీసుకుని, రెంటినీ పోల్చాడు. షెర్రీ విల్లిస్‌తో కలిసి 1986లో ప్రచురించిన ప్రయోగంలో, 64 దాటినవాళ్లకు గంట చొప్పున ఐదు తరగతులు చెప్పించారు. సామర్థ్యం తగ్గినవాళ్లలో సుమారు 40 శాతం మంది 14 ఏళ్ల కిందటి స్థాయికి తిరిగి చేరారు. తగ్గినదంతా మెదడు అరుగుదలే అయితే ఐదు గంటల్లో ఇది సాధ్యమయ్యేది కాదు, వాడకం మానేయడం వల్ల పోయింది కూడా అందులో ఉంది.

ఆశ్రమ ధర్మాలను ఎరిక్సన్ దశలతో పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఎరిక్సన్ దగ్గర పనిచేసిన సుధీర్ కాకర్ 1968లోనే ఈ పోలిక రాశాడు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం మనిషి ఎలా బతకాలో చెప్పే ఆదర్శం, అదీ శాస్త్రాల్లో ప్రధానంగా ద్విజ పురుషుల కోసం రాసింది. ఎరిక్సన్‌ది మనిషిలో ఏం జరుగుతుందో చెప్పే ప్రయత్నం. ఒకటి విధి, ఒకటి పరిశీలన. రెండూ సరిపోలాయని సంబరపడటం కన్నా, ఇంటి బాధ్యత ఎప్పుడు ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న రెండు చోట్లా ఎందుకు వచ్చిందో ఆలోచించడం మేలు.

భారతదేశంలో ఈ పనికి కావలసిన సరంజామా ఇప్పుడు కొంత చేతికొచ్చింది. లాసి అనే దేశవ్యాప్త వృద్ధాప్య అధ్యయనం 2017–18లో మొదటి విడతగా 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా వివరాలు సేకరించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. అదే మనుషుల్ని మళ్లీ మళ్లీ కలిసేలా దాన్ని రూపొందించారు. మొదటి విడత అంకెలు మాత్రమే తీసుకుని, 75 ఏళ్లవాళ్ల జ్ఞాపకశక్తి 50 ఏళ్లవాళ్లకన్నా ఇంత తక్కువ, కాబట్టి పాతికేళ్లలో ఇంత తగ్గుతుంది అని రాస్తే సియాటిల్‌లో బయటపడిన తప్పే ఇక్కడ మళ్లీ జరుగుతుంది. ఆ 75 ఏళ్ల మనిషి స్వాతంత్ర్యానికి ముందు పుట్టినవాడు. ఆ తరం ఆడవాళ్లలో చాలామంది బడి మెట్లే ఎక్కలేదు. వాళ్లను విడిగా, చదువుకున్న ఏళ్లను బట్టి పోల్చి, తర్వాతి విడతల్లో అదే మనుషుల అంకెలు పక్కన పెట్టాకే తరుగుదల ఎంతో చెప్పాలి.